మనీలాలో ఒక యువ లాయర్‌తో మాట్లాడాక: లా చదువు, బార్ పరీక్ష, ప్రాక్టీసు

#1 | మనీలా_తెలుగు

అందరికీ నమస్తే. నేను ఫిలిప్పీన్స్‌లో, మనీలాను ఆనుకుని ఉన్న మకాటీలో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. మా పక్క ఫ్లాట్ వాళ్ల అమ్మాయి లాయర్. వయసు ముప్పై లోపే. 2022 బార్ పరీక్ష పాసై, కొన్నాళ్లు ఒక ప్రైవేటు ఫర్మ్‌లో చేసి, ఇప్పుడు పబ్లిక్ అటార్నీస్ ఆఫీసులో ఉంది. డబ్బు లేనివాళ్ల తరఫున ఉచితంగా వాదించే ప్రభుత్వ ఆఫీసు అది. ఇక్కడ అందరూ ‘పావో’ అంటారు. గుంటూరులో మా మేనల్లుడు లా చదువుతానంటుంటే ఆవిడను కొన్ని సంగతులు అడిగాను. ఆవిడ చెప్పినవి వాడొక్కడికే కాదు, ఇక్కడున్న చాలామందికి పనికొస్తాయనిపించింది. పేరు రాయకుండా పంచుకోమంది.

ఇక్కడ ఇంటర్ అవగానే లాలో చేరడం ఉండదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల లా. ఆపైన సుప్రీంకోర్టు స్వయంగా నడిపే బార్ పరీక్ష. సగటు 75 శాతం రావాలి, ఏ సబ్జెక్టులోనూ 50కి తగ్గకూడదు. 2022లో 9,183 మంది రాస్తే 3,992 మంది పాసయ్యారు. 2023లో 10,387 మందికి 3,812 మంది. 1999లోనైతే వందకు పదిహేడు మంది కూడా గట్టెక్కలేదు. మూడుసార్లు తప్పినవాళ్లు మళ్లీ లా కాలేజీలో రిఫ్రెషర్ కోర్సు చేసి వస్తేనే నాలుగోసారి రాయనిస్తారు.

పాసయ్యాక ప్రమాణం చేయాలి, సుప్రీంకోర్టులో ఉండే రోల్ ఆఫ్ అటార్నీస్ అనే లాయర్ల పేర్ల పుస్తకంలో సంతకం పెట్టాలి. సంతకం పెట్టేదాకా లాయర్ కాదు. 1979 బార్ పాసైన ఒకాయన ప్రమాణం చేశాడు గానీ ఆ సంతకం పెట్టలేదు. ముప్పై ఏళ్లు దాటాక కోర్టును ఆశ్రయిస్తే, జరిమానా వేసి, మరో ఏడాది ఆగమని చెప్పి, ఆ తర్వాత సంతకానికి ఒప్పుకున్నారు. 2013 నాటి తీర్పు అది.

క్లాసులో లెక్చర్లు తక్కువ. ప్రొఫెసర్ దగ్గర ప్రతి విద్యార్థి ఫొటో అంటించిన కార్డు ఉంటుంది. పేకముక్కల్లా కలిపి ఒకటి తీస్తారు. ఎవరి కార్డు వస్తే వాళ్లు లేచి నిలబడి, ముందురోజు చదవమన్న కేసుల్లో అడిగినదాని పూర్వాపరాలు, అందులోని వివాదం, కోర్టు ఏమంది, ఎందుకంది చెప్పాలి. దీన్ని రెసిటేషన్ అంటారు. సివిల్ కోడ్ ఆర్టికల్స్ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పించే ప్రొఫెసర్లూ ఉన్నారు.

ఆవిడ చెప్పినదాంట్లో నా మనసులో నిలిచిపోయింది ఇది: నాలుగేళ్లు తనను నిలబెట్టి ప్రశ్నలు అడిగారట. ఎదుటి మనిషిని కూర్చోబెట్టి తాను ప్రశ్నలు అడగడం మాత్రం ఎవరూ నేర్పలేదట. పావోలో ఆవిడ రోజంతా చేసే పని ఆ రెండోదే.

#2 | శారదానది (అనకాపల్లి)

బాబూ, చాలా బాగా రాశారు. మా అమ్మాయికి ఈ ఏడాదే ఇంటర్ అయింది. ఐదేళ్ల లా కోసం లాసెట్ రాసింది. వాళ్ల నాన్నగారికి మాత్రం ఇష్టం లేదు, ఆడపిల్ల కోర్టుల చుట్టూ తిరగడమేంటి అంటున్నారు. మా చుట్టాల పిల్లలు ఫిలిప్పీన్స్‌లోనే దావో అనే ఊళ్లో మెడిసిన్ చదువుతున్నారు. అక్కడే లా కూడా చేయించండి, చదువు అవగానే అక్కడే ప్రాక్టీసు పెట్టుకోవచ్చు అని ఒక కన్సల్టెన్సీ అతను చెప్తున్నాడు. నిజమేనా? ఇంకో మాట. అంతసేపు నిలబెట్టి అడిగితే పిల్లలు తట్టుకుంటున్నారా?

#3 | దావో_మెడికో

ఆంటీ, దయచేసి ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి. ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగం 12వ అధికరణం 14వ సెక్షన్ ప్రకారం, చట్టం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప ఇక్కడ వృత్తులు చేసుకునే హక్కు ఆ దేశ పౌరులకే. బార్ పరీక్ష రాయడానికే పౌరసత్వం కావాలి. మేము ఇక్కడి ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటిది) చేసి ఇండియా వచ్చి, విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లకు పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష రాస్తాం, గుండె ఏ దేశంలోనైనా గుండే. లా అలా కాదు కదా. ఇక్కడి సివిల్ కోడ్‌కు స్పెయిన్ మూలాలు, రాజ్యాంగానికీ కోర్టు పద్ధతులకూ అమెరికా మూలాలు. ముస్లింలను మినహాయిస్తే విడాకుల చట్టమే లేదు. ఇదంతా చదివి విశాఖ కోర్టులో ఏం చేస్తుంది?

డిగ్రీ మీద డిగ్రీ అనే ఈ పద్ధతి మాకూ ఉంది. ముందు బీఎస్ అనే డిగ్రీ, తర్వాత ఎండీ. 2021లో మన నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) కొత్త నిబంధనలు వచ్చి, మెడికల్ కోర్సే 54 నెలలు ఉండాలన్నప్పుడు మా బ్యాచ్‌ల ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. వేరే దేశపు చదువును కన్సల్టెన్సీ మాట మీద ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

#4 | ట్రయల్_కోర్టు_హైదరాబాద్

దావోలో లా సీటు విషయం మెడికో సరిగ్గా చెప్పింది. అసలు చర్చకు వస్తాను.

నాకైతే వాళ్ల బార్ పరీక్షను చూస్తే గౌరవం కలుగుతోంది. మన ఆలిండియా బార్ ఎగ్జామ్ 2011లో మొదలైంది. బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టాల ప్రతులు) పక్కన పెట్టుకుని రాయొచ్చు, జనరల్‌కు 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం వస్తే చాలు. పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని 2023లో మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, మంచిదే. కానీ క్లయింటు తరఫున వాదించే అధికారమిచ్చే వకాలతు ఎలా నింపాలో, ప్రతివాది ఇచ్చే జవాబుకు, అంటే రిటన్ స్టేట్‌మెంటుకు, గడువు ఎంతో తెలియకుండా ఎన్‌రోల్ అవుతున్నవాళ్లను రోజూ చూస్తున్నాను. లా కాలేజీలో ప్రాక్టికల్స్ లాంటి క్లినికల్ పేపర్ల రికార్డులు పై బ్యాచ్ వాళ్లవి చూసి రాసేస్తున్నారు. దీనివల్ల నష్టపోయేది క్లయింటు. ఊళ్లో రెండెకరాలున్న మనిషి తన కేసును ఎవరి చేతిలో పెడుతున్నాడో అతనికి తెలియదు. గేటు దగ్గర గట్టిగా చూడాలి అంటాను.

#5 | మనీలా_తెలుగు

మీ మాట నిన్న సాయంత్రం ఆవిడకు చెప్పాను. రెసిటేషన్‌ను ఆవిడ పూర్తిగా తీసిపారేయలేదు. మూల తీర్పును పూర్తిగా చదివే అలవాటు అక్కడే వచ్చిందట. ఎవరో రాసిన సారాంశం చదివి వెళ్తే రెండో ప్రశ్నకే దొరికిపోయేవాళ్లట. ఇప్పటికీ ప్రాసిక్యూటర్ ఒక తీర్పు పేరు చెబితే, వెళ్లి మొత్తం చదివి, అది తన కేసుకు ఎక్కడ సరిపోదో చూస్తుందట. జడ్జి ఉన్నట్టుండి అడిగినా గొంతు వణకదు. అది ఆ భయం ఇచ్చిన మేలే అంది.

కానీ బార్ ర్యాంకు మీద ఇక్కడున్న మోజు ఆవిడకు నచ్చదు. మొదటి పదిమంది పేర్లు పేపర్లలో వస్తాయి, ఊళ్లలో బ్యానర్లు కడతారు, జీవితాంతం ఆ ర్యాంకు పేరు పక్కనే ఉంటుంది. ఆవిడ చెప్పిన ఉదాహరణ నన్ను ఆలోచింపజేసింది. 1939 బార్‌లో మొదటి స్థానం తర్వాత దేశాధ్యక్షుడైన ఫెర్డినాండ్ మార్కోస్‌ది. 1944 బార్‌లో మొదటి స్థానం పంచుకున్న ఇద్దరిలో ఒకరు హోసే డియోక్నో. మా అకౌంట్స్ వాళ్లకు ఆయన ఇంకో రకంగా కూడా తెలుసు, మన సీఏ లాంటి సీపీఏ పరీక్షలోనూ ఆయనే ఫస్టు. 1972లో మార్షల్ లా (సైనిక పాలన) పెట్టి మొదటివాడు రెండోవాణ్ణి దాదాపు రెండేళ్లు జైల్లో ఉంచాడు. 1974లో బయటికొచ్చిన డియోక్నో, రాజకీయ ఖైదీల కోసం ఫ్రీ లీగల్ అసిస్టెన్స్ గ్రూప్‌ను పెట్టాడు. ఒకే గేటు, ఒకే ర్యాంకు. మనిషి ఎలాంటి లాయరవుతాడో ఆ పరీక్ష ఎక్కడ కొలిచింది అంటుంది ఆవిడ.

2020, 2021 బ్యాచ్‌లకు కలిపి 2022 ఫిబ్రవరిలో పరీక్ష పెట్టినప్పుడు ర్యాంకుల జాబితా ఇవ్వలేదు. అప్పుడే మొదటిసారి చేతిరాత పోయి ల్యాప్‌టాప్ వచ్చింది, మనీలాకు రాకుండా ఎవరి ప్రాంతంలో వాళ్లు రాసే వీలూ వచ్చింది. అంతకుముందు దక్షిణాన మిండనావో నుంచి, మధ్యనున్న విసాయాస్ దీవుల నుంచి వచ్చి నాలుగు ఆదివారాలు రాయడానికి నెలంతా మనీలాలో గది తీసుకుని ఉండాల్సి వచ్చేది. ఆ ఖర్చు భరించలేని ఇళ్ల పిల్లలకు ఈ మార్పు పెద్ద మేలు.

శారదానది అమ్మా, తట్టుకుంటున్నారా అని అడిగారు. కొందరు తట్టుకోలేక మానేస్తున్నారట. ఆవిడ పగలు ఉద్యోగం చేస్తూ సాయంత్రం క్లాసులకు వెళ్లింది. భయం వల్ల నేర్చుకున్నది నిజమే గానీ, భయం లేకుండా కూడా అది నేర్పొచ్చు అంటుంది.

#6 | శిరస్తదారు_కాకినాడ

నేను కోర్టు ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి. నాయనా, సాయంత్రం క్లాసుల మాట చదివి ఒకటి చెప్పాలనిపించింది. మన దగ్గరా ఈవెనింగ్ లా కాలేజీలు ఉండేవి. గుమస్తాలు, టీచర్లు, రైల్వే వాళ్లు పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం చదివి ప్లీడర్లయ్యారు. వాళ్లకు మనుషుల కష్టం తెలుసు. 2008 బార్ కౌన్సిల్ నిబంధనల్లో క్లాసులు పొద్దున 8 నుంచి సాయంత్రం 7 లోపలే అని పెట్టాక ఆ దారి మూసుకుపోయింది. నాణ్యత కోసం అన్నారు. ఇంటి భారం మోసే పిల్లలకు మాత్రం అది పెద్ద దెబ్బ.

కోర్టు హాల్లో కూర్చుని నేను చూసింది చెప్తాను. సివిల్ కేసుల్లో చీఫ్ ఎగ్జామినేషన్ అఫిడవిట్, అంటే సాక్షి చెప్పేది రాసిన ప్రమాణపత్రం, ఇంగ్లీషులో తయారవుతుంది. సాక్షికి తెలుగులో చదివి వినిపించామని కింద రాస్తారు. క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నించేటప్పుడు తెలుస్తుంది, ఆ ముసలాయనకు తన అఫిడవిట్‌లో ఏముందో తెలియదని. అది సాక్షి తప్పు కాదు. తయారు చేసిన జూనియర్ అరగంట కూర్చుని అడిగి ఉంటే ఆ కేసు నిలబడేది. ఫిలిప్పీన్స్‌లో ఇది ఎలా జరుగుతుందో ఆ అమ్మాయిని అడిగి చెప్పగలవా?

#7 | మన్యం_వకీలు

శిరస్తదారు గారి మాటకు నమస్కారం. నాదీ అదే బాధ. నేను పాడేరు వైపు మనిషిని, విశాఖలో ఎన్‌డీపీఎస్ కేసులు, అంటే మత్తుపదార్థాల చట్టం కింద పెట్టే కేసులు చూస్తుంటాను. గంజాయి మోస్తూ పట్టుబడిన ఆదివాసీ కుర్రాళ్లే ఎక్కువ. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, కనీసం పదేళ్ల శిక్ష, సెక్షన్ 37 వల్ల బెయిలు దుర్లభం. అసలు సరుకు ఎవరిదో వాడు ఎప్పుడూ దొరకడు. వీళ్లలో కొందరి ఇంటి భాష కువి, కొందరిది ఆదివాసీ ఒడియా. తెలుగే వీళ్లకు రెండో భాష, ఇంగ్లీషు మాట దేవుడెరుగు. పావోలో డ్రగ్ కేసులు చాలా ఉంటాయని విన్నాను. ఆవిడ ఎలా నెట్టుకొస్తోంది?

#8 | మనీలా_తెలుగు

దీని గురించే ఆవిడ ఎక్కువసేపు మాట్లాడింది.

ముందు శిరస్తదారు గారి ప్రశ్న. 2013 నుంచి ఇక్కడ జుడీషియల్ అఫిడవిట్ రూల్ ఉంది. సాక్షి చెప్పేది ప్రశ్న, జవాబు రూపంలోనే ముందుగా రాసి ఇవ్వాలి. సాక్షికి తెలిసిన భాషలో ఉండాలి, అది ఇంగ్లీషో ఫిలిపినోనో కాకపోతే అనువాదం జతపరచాలి. సాక్షికి ఏ జవాబూ తాను అందించలేదని లాయరు కూడా ప్రమాణం చేయాలి. రూలు బాగుంది. కానీ అఫిడవిట్ రాసే లాయరుకు టైము లేకపోతే, సాక్షి మాటలు లాయరు మాటల్లా తయారవుతాయట. చదవగానే తెలిసిపోతుందట, కూరగాయలమ్మే మనిషి అలా మాట్లాడదు కదా అంది.

ఇక డ్రగ్స్. ఇక్కడి చట్టం 2002 నాటి రిపబ్లిక్ యాక్ట్ 9165. షాబు, అంటే మెథాంఫెటమిన్, చిటికెడు అమ్మినా యావజ్జీవం. సాక్ష్యం బలంగా ఉందని కోర్టు అనుకుంటే బెయిలు లేదు. సెక్షన్ 21 ప్రకారం, పట్టుకున్న సరుకుకు గుర్తు వేయాలి, సాక్షుల ముందు లెక్క రాయాలి, ఫొటో తీయాలి. ఆ గొలుసులో ఒక లింకు తెగితే, సరైన కారణం చూపలేకపోతే కేసు వీగిపోవచ్చు. లా కాలేజీలో దీని మీద ఆవిడ ఎన్నోసార్లు నిలబడి జవాబు చెప్పింది. పావోకు వచ్చాక తొలినాళ్లలోనే ఇలాంటి ఫైలు చేతికొచ్చింది. సరుకు గ్రాము లోపు. లెక్క రాసిన కాగితం మీద ఉండాల్సిన సాక్షి సంతకం లేదు. క్లాసులో అయితే ‘నిర్దోషి’ అని చెప్పి కూర్చునేది.

కానీ జైల్లో ఉన్న ఆ కేసు ముద్దాయి అడిగింది ఒక్కటే: నేను ఇంటికి ఎప్పుడు వెళ్తాను?

2017లో ఎస్టిపోనా కేసులో, డ్రగ్ కేసుల్లో ప్లీ బార్గెయినింగ్ (చిన్న నేరం ఒప్పుకుని తక్కువ శిక్షతో సరిపెట్టుకోవడం) ఉండకూడదన్న సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. 2018లో ఏ నేరానికి ఎంత తగ్గించి ఒప్పుకోవచ్చో పట్టిక ఇచ్చింది. దాని ప్రకారం గ్రాము లోపు షాబు అమ్మకం కేసును, డ్రగ్స్ వాడే సామగ్రి దగ్గర ఉంచుకున్న నేరంగా తగ్గించుకోవచ్చు. దానికి శిక్ష ఆరు నెలల ఒక రోజు నుంచి నాలుగేళ్లు. జైల్లో గడిపిన కాలం కలుస్తుంది కాబట్టి తొందరగా బయటపడొచ్చు. కానీ నేరం చేశానని ఒప్పుకోవాలి. పోరాడితే నిర్దోషిగా బయటికి రావచ్చు, దానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేం. ఓడితే యావజ్జీవం.

ఆ మనిషి నేను అమ్మలేదు అంటున్నాడు. అతని భార్యేమో ఒప్పేసుకోమంటోంది, చిన్నపిల్ల ఉంది. మా లాయరమ్మాయికి అప్పుడు అర్థమైంది, ఈ నిర్ణయం తనది కాదని. అతను నిర్ణయించుకోగలిగేలా అన్నీ విడమర్చి చెప్పడమే తన పని. రెండు దారులనూ ఇక్కడి భాష టగలాగ్‌లో, చట్టం మాటలు లేకుండా, మళ్లీ మళ్లీ చెప్పింది. అతను ఏది ఎంచుకున్నాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. క్లయింటు రహస్యం క్లయింటుదే.

#9 | ట్రయల్_కోర్టు_హైదరాబాద్

చదివి చాలాసేపు ఆలోచించాను. అయినా ఒక అభ్యంతరం. చేయని నేరం ఒప్పుకునే పరిస్థితి తెచ్చే వ్యవస్థను మనం మెచ్చుకోకూడదు. మన దగ్గర ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకే ప్లీ బార్గెయినింగ్, అదీ ఎవరూ పెద్దగా వాడరు. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 52ఏ కింద పట్టుకున్న సరుకు శాంపిల్‌ను మేజిస్ట్రేట్ ముందు తీయకపోతే దాని మీద పోరాడటమే లాయర్ పని అని నేను నమ్ముతాను.

#10 | మన్యం_వకీలు

అన్నా, పోరాడటం సరే. 52ఏ మీద నేనూ గెలిచాను. గెలిచిన రోజుకు కుర్రాడు విచారణ ఖైదీగానే ఏళ్లు గడిపేశాడు. ఈలోపు వాళ్ల నాన్న చనిపోయాడు, పోడు భూమి పక్కవాడు దున్నుకుంటున్నాడు. తీర్పు కాపీ అతని చేతిలో పెట్టడానికి నాకే సిగ్గేసింది. ఆవిడ మెచ్చుకోమని చెప్పడం లేదు. ఉన్న రెండు దారులూ చెడ్డవైనప్పుడు, నిర్ణయం నడిచేవాడి చేతిలో పెట్టిందంతే. పేద ముద్దాయిలకు ఉచితంగా వాదించే మన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి వచ్చాక జిల్లాల్లో పూర్తికాలం లాయర్లు ఉంటున్నారు, అది మంచి మార్పు. వాళ్లకు కువి తెలిసిన మనిషి ఒకరు పక్కనుంటే ఇంకా మంచిది.

#11 | ట్రయల్_కోర్టు_హైదరాబాద్

ఆ కుర్రాడి నాన్న సంగతి చదివాక నీతో వాదించలేను తమ్ముడూ. బార్ పరీక్ష గట్టిగా ఉండాలన్న మాట మీదే ఉన్నాను. అది ఒక్కటే చాలదు అన్నది ఒప్పుకుంటున్నాను.

#12 | శారదానది (అనకాపల్లి)

ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. వాళ్ల నాన్నగారూ విన్నారు. ఆయన భయం వేరే. 2021 ఫిబ్రవరిలో పెద్దపల్లి జిల్లాలో వామన్‌రావు, నాగమణి గార్లను పట్టపగలు రోడ్డు మీద చంపేశారు కదా. భార్యాభర్తలిద్దరూ లాయర్లే. అది టీవీలో చూసినప్పటి నుంచి ఈయనకు ఈ వృత్తి అంటేనే భయం. అక్కడ కూడా అలాంటివి ఉన్నాయా బాబూ?

#13 | మనీలా_తెలుగు

ఉన్నాయమ్మా, దాచను. పేదల, రైతుల కేసులు వాదించే బెంజమిన్ రామోస్‌ను 2018 నవంబరు 6న నెగ్రోస్ దీవిలోని కబాంకలాన్‌లో కాల్చి చంపారు. అలా చాలామంది పోయారు. చివరికి 2021 మార్చిలో సుప్రీంకోర్టే ఈ హత్యలను, బెదిరింపులను ఖండిస్తూ ప్రకటన చేయాల్సి వచ్చింది. ఆవిడ అప్పుడు ఇంకా విద్యార్థిని. ఇంట్లో పన్నుల చట్టం వైపో, కంపెనీల వైపో వెళ్లమన్నారట. ఫర్మ్‌లో చేరింది కొంత అందుకే. ఆ తర్వాత పావోకు ఎందుకొచ్చావు అని అడిగితే, ఫర్మ్‌లో తాను రాసే కాగితం ఎవరి కోసమో ఆ మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు అంది.

మీవారి భయం న్యాయమైనదే. దానికి నా దగ్గర ధైర్యం చెప్పే మాట లేదు.

#14 | దావో_మెడికో

అన్నయ్యా, డబ్బు సంగతి ఎవరూ అడగలేదు. మొదట్లో ఎలా బతుకుతారు?

#15 | మనీలా_తెలుగు

మనలా ఖాళీ చేతులతో సీనియర్ దగ్గర ఏళ్ల తరబడి కూర్చోవడం ఇక్కడ తక్కువ. ఫర్మ్‌లో అసోసియేట్ అంటే జీతం ఉంటుంది. సొంతంగా పెట్టుకున్నవాళ్లు నోటరీ పనితో మొదలుపెడతారు, ఇక్కడ నోటరీ కావాలంటే లాయరే అయి ఉండాలి. చాలామంది కాలేజీలో పాఠాలు కూడా చెప్తారు. పావోలో ప్రభుత్వ జీతం.

#16 | శిరస్తదారు_కాకినాడ

మన బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు స్టైపెండ్ ఇమ్మని సీనియర్లకు సూచించింది. సూచనే, ఆదేశం కాదు. ఇచ్చే సీనియర్లున్నారు, బస్సు చార్జీ కూడా ఇవ్వనివాళ్లూ ఉన్నారు. తండ్రి ఆస్తి లేని పిల్ల మూడేళ్లు ఎలా నిలబడుతుంది? మంచి బుర్రలు ఇక్కడే జారిపోతున్నాయి. కఠినమైన పరీక్ష కంటే ముందు దీన్ని సరిచేయాలని నేనంటాను.

#17 | ట్రయల్_కోర్టు_హైదరాబాద్

మాస్టారూ, నూటికి నూరుపాళ్లు. నా దగ్గరున్న జూనియర్లకు ఇస్తున్నాను, ఇంకా పెంచాలి.

మనీలా వాళ్ల పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది విద్యార్థుల ప్రాక్టీసు రూలు. 2019లో సవరించారట. మొదటి ఏడాది పాసైన విద్యార్థి సర్టిఫికెట్ తీసుకుని, లాయర్ పర్యవేక్షణలో క్లయింట్‌తో మాట్లాడొచ్చు, కాగితాలు తయారు చేయొచ్చు. చివరి దశలో కోర్టులో నిలబడి వాదించొచ్చు. ఈ అమ్మాయికి అది దక్కిందా?

#18 | మనీలా_తెలుగు

దక్కింది గానీ కరోనా రోజుల్లో. క్లయింట్లతో ఫోన్‌లోనే మాట్లాడింది. మొహం చూడకుండా మనిషి ఏం దాస్తున్నాడో తెలియదు అని బాధపడింది. ఇప్పుడు తమ ఆఫీసుకు వచ్చే విద్యార్థులను తనతో పాటు జైలుకు తీసుకెళ్తోంది. వాళ్లకు ఆవిడ పెట్టిన నియమం ఒకటే: మొదటి పావుగంట నోట్‌బుక్ తెరవకూడదు.

#19 | శారదానది (అనకాపల్లి)

సీటు విశాఖలో వచ్చింది. ఫీజు కట్టాం. వాళ్ల నాన్నగారే వెళ్లి కట్టి వచ్చారు. క్లాసులు మొదలవడానికి ఇంకా టైము ఉంది, ఈలోపు ఏం చదవాలి అని అమ్మాయి అడుగుతోంది.

#20 | మన్యం_వకీలు

అక్కా, శుభాకాంక్షలు. రాజ్యాంగం తెలుగు ప్రతి ఒకటి కొనివ్వండి, నెమ్మదిగా చదువుకోమనండి. వీలైతే అనకాపల్లి కోర్టుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చోమనండి, విచారణ చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొదటి రోజు వాళ్ల నాన్నగారిని కూడా వెంట వెళ్లమనండి. మొదటి ఏడాది సెలవుల్లో నా దగ్గరికి పంపితే జైలు ఇంటర్వ్యూలకు పర్మిషన్ ఎలా పెట్టాలో చూపిస్తాను. నంబరు మీకు మెసేజ్‌లో పెట్టాను.